మా వీధిలో కారు వద్దన్నాను

2019లో మా కౌన్సిల్ మా వీధిలో రెండు పార్కింగ్ స్థలాలు తీసేసి, గంటల లెక్కన అద్దెకు దొరికే ఎలక్ట్రిక్ కార్లకు కేటాయిస్తామంది. వద్దని నేను మెయిల్ రాశాను. రాసి ఊరుకోలేదు. వీధి వాట్సాప్ గ్రూపులో అందరినీ కదిలించాను. రాయడానికి బద్ధకించినవాళ్లకు నేనే రాసిపెట్టి, కింద పేరు మార్చి పంపించమన్నాను. ఒకే మెయిల్‌లా కనిపించకూడదని వాక్యాలు కూడా అటూ ఇటూ మార్చాను. పగలంతా ఆఫీసులో మెయిళ్లు రాసే ఉద్యోగం కదా, ఆ విద్య అక్కడ పనికొచ్చింది. కొన్నాళ్లకు కౌన్సిల్ వెనక్కి తగ్గింది. ఆ రెండు స్థలాలూ మాకే మిగిలాయి. గ్రూపులో చప్పట్ల బొమ్మలు వచ్చిపడ్డాయి.

మేముండేది తూర్పు లండన్‌లో, నార్త్ సర్క్యులర్ రోడ్డుకు లోపలి వైపు. వరసగా అతుక్కుని ఉండే పాత ఇళ్లు, ఇంటి ముందు రోడ్డుకు రెండు పక్కలా ఆనుకుని కార్లు. ఇంటికో గరాజ్ ఉండే రకం పేట కాదు. ఇక్కడ రోడ్డు మీద ఒక పార్కింగ్ స్థలం ఎవరికన్నది మార్చాలన్నా కౌన్సిల్ ముందు నోటీసు ఇవ్వాలి. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దీపస్తంభానికి కడతారు. అభ్యంతరాలుంటే 21 రోజుల్లో చెప్పమంటారు. ప్రజాస్వామ్యం అంటే ఇదీ అని మనవాళ్లకు నేనే గొప్పగా చెబుతుండేవాణ్ని. ఆ 21 రోజుల్ని మాత్రం ఎంచక్కా వాడుకున్నాను.

మెయిల్లో మూడు మాటలు రాశాను. ఒకటి, మాకే స్థలం చాలడం లేదు. రెండు, ప్రజల రోడ్డును ప్రైవేటు కంపెనీకి ఎందుకు కట్టబెట్టాలి? మూడు, అంత ముఖ్యమనుకుంటే మెయిన్ రోడ్డు మీద పెట్టుకోండి. వీటిలో రెండోది రాసినప్పుడు నాకు నేనే తెగ నచ్చాను.

నా కారు సంగతి చెప్పాలి. 2014లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2012 మోడల్, డీజిల్. మన అలవాటు ప్రకారం డీలర్‌ను మొట్టమొదట అడిగింది మైలేజీ. తర్వాత అడిగింది రోడ్ ట్యాక్స్. ఏడాదికి 20 పౌండ్లన్నాడు. వెంటనే బేరం కుదిరిపోయింది. 2001 నుంచి బ్రిటన్‌లో కారు పన్నును కార్బన్ డయాక్సైడ్ ఎంత వదులుతుందన్న లెక్కన వేసేవారు. కిలోమీటరుకు డీజిల్ వదిలేది పెట్రోలు కన్నా కొంచెం తక్కువ. అందుకని ప్రభుత్వమే డీజిల్ వైపు చెయ్యి చూపించినట్టయింది. జనం అటు మళ్లారు. డీజిల్‌తో వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి పన్ను లెక్కలోకి రాలేదు గనక నా లెక్కలోకీ రాలేదు. ఇంటికి ఫోన్ చేసి, ‘పర్యావరణానికి మంచి కారు నాన్నా’ అని చెప్పిన గుర్తు కూడా ఉంది. కారు పక్కన నిలబడి తీసిన ఫొటో ఏలూరులో మా ఇంటి హాల్లో ఫ్రేము కట్టి ఉండేది.

2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ బండారం అమెరికాలో బయటపడింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి, అప్పటికి మాత్రం బుద్ధిగా నడుచుకునే సాఫ్ట్‌వేర్ పెట్టారు. నాది ఆ కంపెనీ కారు కాదు, బతికిపోయాననుకున్నాను. మరుసటి ఏడాది ఏప్రిల్లో బ్రిటన్ రవాణా శాఖ 37 రకాల డీజిల్ కార్లను రోడ్డు మీద పరీక్షించి చూస్తే, ల్యాబ్ పరిమితికి లోబడినది ఒక్కటీ లేదు. మోసం లేకుండానే అందరూ దాటేశారన్నమాట. ఆ వార్త చదివాను, పేజీ తిప్పాను.

ఆ కారుతో నేను చేసే ప్రయాణాలేమిటంటే, పొద్దున అమ్మాయిని బడిలో దించడం, సాయంత్రం తీసుకురావడం, ఈస్ట్ హామ్‌లో గోంగూర, కరివేపాకు తెచ్చుకోవడం, శనివారం గుడి. ఇంజన్ వేడెక్కే లోపే ప్రయాణం అయిపోయేది. ఇలా తిరిగితే డీజిల్ కారులో మసిని పట్టి ఉంచే ఫిల్టరు పూడుకుపోతుంది. పొగగొట్టం బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోయి ఫిల్టరు శుభ్రమవుతుంది. డ్యాష్‌బోర్డు మీద నారింజ రంగు దీపం వెలిగాక గాని నాకీ సంగతి తెలియలేదు. మెకానిక్ పెద్దాయన బానెట్ కూడా ఎత్తలేదు. ‘ఈ కారు నువ్వు తిరిగే తిరుగుళ్లకు కాదు. అప్పుడప్పుడూ పెద్ద రోడ్డెక్కించి బాగా తోలు, లేదంటే ఫిల్టరు మార్చడానికి వెయ్యి పౌండ్ల పైమాటే’ అన్నాడు.

అప్పట్నుంచి ఆదివారం పొద్దున్నే ఏ13 రోడ్డెక్కి సౌత్ఎండ్ వైపు బయల్దేరేవాణ్ని. ఓ గేరు తగ్గించి, ఇంజన్ గట్టిగా మొత్తుకునేలా ఇరవై నిమిషాలు తోలి, ఏదో ఒక జంక్షన్ దగ్గర వెనక్కి తిప్పుకుని వచ్చేవాణ్ని. సౌత్ఎండ్‌లో సముద్రం ఉంది, అది కూడా చూసేవాణ్ని కాదు.

‘ఇంత పొద్దున్నే ఎక్కడికండీ?’ అని అడిగింది మా ఆవిడ.

‘కారును కాసేపు తిప్పుకొస్తా.’

‘దానికేమన్నా అజీర్తి చేసిందా?’

నవ్వేశాను. వారమంతా అర మైలు దూరాలకు వాడటం కోసం ఆదివారం ముప్ఫై నలభై మైళ్ల డీజిల్ ఊరికే తగలబెడుతున్నానని అప్పుడైనా తట్టాలి. తట్టలేదు. కారు ఆరోగ్యం చూసుకుంటున్నాననే అనుకున్నాను.

కౌన్సిల్ నోటీసు కట్టిన దీపస్తంభానికి ఇంకొంచెం పైన మరో వస్తువు ఉండేది. చిటికెన వేలంత పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, ఓ చిన్న క్లిప్పులో నిలువుగా తగిలించి. పై కొసకు మూత, కింది కొస తెరిచి ఉంటుంది. ఎన్నేళ్లుగా ఉందో తెలియదు, నేను చూసింది నోటీసు చదవడానికి తలెత్తినప్పుడే. కౌన్సిల్ వెనక్కి తగ్గిన తర్వాత ఓ సాయంత్రం మెరుపు జాకెట్టు వేసుకున్నావిడ చిన్న నిచ్చెన ఎక్కి దాన్ని తీసి, మూత పెట్టి, సంచిలో వేసుకుని, కొత్తది తగిలిస్తోంది. కారు పక్కకు ఆపి అద్దం దించి అడిగాను. నైట్రోజన్ డయాక్సైడ్ కొలవడానికంది. మూత లోపల సన్నటి స్టీలు జల్లెడ ముక్కకు రసాయనం పూసి ఉంటుంది. గాలిలోని వాయువు దానంతటదే పైకి పాకి దానికి అంటుకుంటుంది. నెలకోసారి మార్చి ల్యాబుకు పంపుతారు. బ్యాటరీ లేదు, తెర లేదు, అంకెలు లేవు. ఈ రోజు ఎంతుందో ఇది చెప్పదు, ఏడాది సగటు చెబుతుంది, చట్టానికి కావలసింది అదేనంది. చట్టంలో ఆ సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు కూడా అప్పట్లో అంతే ఉండేది. 2021 సెప్టెంబరులో ఆ సంస్థ దాన్ని 10కి దించింది. చట్టం దిగలేదు.

ఆవిడతో మాట్లాడుతున్నంతసేపూ నా ఇంజన్ ఆన్‌లోనే ఉంది. ఆవిడేమీ అనలేదు. ఒకసారి నా కారు వెనక వైపు చూసింది, నిచ్చెన మడుచుకుంది.

2020 డిసెంబరులో ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా మరణంపై విచారణ తీర్పు వచ్చింది. దక్షిణ లండన్‌లో లూయిషామ్ పిల్ల. సౌత్ సర్క్యులర్ రోడ్డుకు దగ్గర్లోనే వాళ్లిల్లు. తీవ్రమైన ఆస్తమాతో ఆసుపత్రుల చుట్టూ తిరిగి, 2013 ఫిబ్రవరిలో తొమ్మిదేళ్ల వయసులో చనిపోయింది. తల్లి రోజమండ్ ఏళ్ల తరబడి పోరాడితే మళ్లీ విచారణ జరిపి, ఆ పిల్ల చావుకు వాయు కాలుష్యం కూడా ఓ కారణమని కరోనర్, అంటే మరణ విచారణాధికారి, ఫిలిప్ బార్లో రాశారు. బ్రిటన్‌లో ఓ మనిషి మరణానికి కారణాల్లో వాయు కాలుష్యాన్ని చేర్చడం అదే మొదలు. క్రోయ్డన్‌లో స్నేహితుల ఇంటికి వెళ్లేటప్పుడు మాకు ఆ సౌత్ సర్క్యులరే తగిలేది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ‘దరిద్రపు రోడ్డు’ అని తిట్టుకునేవాణ్ని. ఆ రోడ్డు పక్కన కిటికీలు ఉంటాయని, వాటి వెనక పిల్లలు పడుకుంటారని అనుకోలేదు. మెయిన్ రోడ్డు మీద పెట్టుకోండి అని నేను కౌన్సిల్‌కు రాసిన మూడో మాట ఆ తీర్పు చదివిన రోజు మళ్లీ తీసి చూసుకున్నాను. డ్రాఫ్టు ఇంకా ఫోల్డర్లోనే ఉంది.

ఇంత చదివాక మారిపోయానని చెప్పుకుంటే బాగుంటుంది గాని, నిజం అది కాదు. నన్ను మార్చింది 12.50 పౌండ్లు. సెంట్రల్ లండన్‌లో 2019 ఏప్రిల్ 8న మొదలైన యూలెజ్, అంటే కాలుష్యం ఎక్కువ చేసే బండ్లు రోడ్డెక్కిన రోజల్లా డబ్బు కట్టాల్సిన ప్రాంతం, 2021 అక్టోబరు 25న నార్త్, సౌత్ సర్క్యులర్ రోడ్ల దాకా విస్తరించింది. పొగ ప్రమాణాల్లో పెట్రోలు కారు యూరో 4 అయితే చాలు, డీజిల్‌దైతే యూరో 6 కావాలి. నాది యూరో 5. బడి దాకా వెళ్లొచ్చినా 12.50, గోంగూర తెచ్చినా 12.50. కట్ట పావు పౌండు ఎక్కువ చెబితే పక్క కొట్టుకు వెళ్లే మనిషిని, ఆ చార్జీ భరిస్తానా? అమ్మేశాను. కొన్నది మిడ్‌ల్యాండ్స్ నుంచి రైలెక్కి వచ్చినాయన. మా ఊళ్లో ఇలాంటివేమీ లేవులెండి అని సంతోషంగా తోలుకెళ్లాడు. నా పొగ ఇంకో ఊరికి బదిలీ అయింది, అంతే. మా బంధువుల్లో దాన్ని ‘కాలుష్యం తగ్గించడం’ అన్నవాళ్లున్నారు.

కారు పోయాక, వద్దన్న కార్లే కావాల్సొచ్చాయి. మా వీధిలో లేవు, ఉండకుండా చేసింది నేనే. మా వాళ్లకన్నా మెయిళ్లు రాయడంలో వెనకబడిన వీధి ఒకటి అవతల ఉంది, అక్కడ పెట్టారు. వానలో గొడుగుతో, చంకలో అమ్మాయి బూస్టర్ సీటుతో అక్కడిదాకా నడిచేవాణ్ని. పన్నెండేళ్లు నిండకుండా, 135 సెంటీమీటర్ల ఎత్తు దాటకుండా ఉన్న పిల్లల్ని సీటు లేకుండా కారెక్కించడం ఇక్కడ నేరం. షేర్ కారులో అది ఉండదు, మనమే మోసుకెళ్లాలి. ఫోన్లో యాప్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. బయల్దేరే ముందు చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ గీతలున్నాయో ఫొటోలు తీసుకోవాలి, లేకపోతే ముందు మనిషి గీసిన గీతకు బాధ్యత మనది. చార్జింగ్ కేబుల్ డిక్కీలో తడిగా, బురదగా చుట్టి ఉంటుంది. సీటు మీద ఎవరిదో బిస్కెట్ పొడి. సొంత కారు శుభ్రంగా ఉండేదా అంటే అదీ లేదు, కాకపోతే ఆ పొడి మనదే.

ఏలూరులో షేర్ ఆటోల్లో పెరిగినవాణ్ని. డ్రైవరుకు అటొకడు ఇటొకడు వేలాడే ఆటోల్లో ట్యూషన్‌కు వెళ్లినవాడికి పరాయి బిస్కెట్ పొడి చూస్తే నామోషీ ఎందుకొచ్చిందో!

కారు లేని ఆ రోజుల్లోనే పార్కింగ్ పర్మిట్ రెన్యూవల్ ఉత్తరం వచ్చింది. రద్దు చేయడానికి కూర్చుని, ఏడాదంతా రోడ్డు మీద స్థలానికి నేను కడుతూ వచ్చింది ఎంతో చూశాను. మా వీధిలో ఓ కారు పట్టే స్థలం పది చదరపు మీటర్ల పైమాటే. మా పేటలో అంతే కొలత గదిలో ఇద్దరు తెలుగు విద్యార్థులు రెండు పరుపులు, రెండు సూట్‌కేసులు, ఓ రైస్ కుక్కర్‌తో ఉంటారు. వాళ్లు ఆ గదికి ఒక నెల కట్టే అద్దె, నా డీజిల్ కారు ఆ రోడ్డు మీద కొన్నేళ్లు నిలబడటానికి నేను కట్టినదానికన్నా ఎక్కువ. నిలబడటానికి అనే అంటున్నాను. కార్లు సగటున తమ కాలంలో 4 శాతమే కదులుతాయని, మిగతాదంతా ఇంటి దగ్గరో మరోచోటో ఆగి ఉంటాయని ఆర్ఏసీ ఫౌండేషన్ 2012లోనే లెక్క తేల్చింది. ప్రజల రోడ్డును ప్రైవేటు కంపెనీకి కట్టబెట్టడమేమిటని నేనడిగాను కదా. ఏళ్ల తరబడి ప్రజల రోడ్డు మీద దాదాపు ఉచితంగా చోటిచ్చి పోషించిన ప్రైవేటు కారు నాదే. షేర్ కార్లకు కౌన్సిల్ కొత్తగా ఏదో ముట్టజెబుతోందని కోప్పడ్డాను. నాకిచ్చేదాంట్లోంచి కొంచెం తీసి వాళ్లకిస్తానంది, అది కూడా కంపెనీ దగ్గర ఫీజు పుచ్చుకుని, పొగ వదలని కార్లే పెట్టాలన్న షరతు మీద. నాకు పర్మిట్ ఇచ్చేటప్పుడు అలాంటి షరతేమీ పెట్టలేదు. ఇప్పుడు చాలా కౌన్సిళ్లు పర్మిట్ ధరను పొగను బట్టి పెంచుతున్నాయి, డీజిల్‌కు అదనంగా వేస్తున్నాయి. నా హయాంలో ఉంటే దాని మీదా మెయిల్ రాసేవాణ్నే.

అక్కడితో ఆగితే బాగుండేది. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి ఉత్సాహం ఎక్కువ. కనబడిన ప్రతివాళ్లకూ షేర్ కార్ల గొప్పదనం చెప్పడం మొదలుపెట్టాను. మా పక్కవీధిలో నెల్లూరు కుటుంబం ఒకటుంది. పదేళ్లకు పైగా లండన్‌లో కారు లేకుండా బస్సులు, ట్యూబ్‌లతో నిక్షేపంగా బతికినవాళ్లు. ‘ఇంకా బస్సులేంటండీ వదినగారూ, గంటకింత కడితే కారొస్తుంది’ అని యాప్ ఎక్కించి, మొదటి రోజు పక్క సీట్లో కూర్చుని మరీ అలవాటు చేశాను. మొదట నెలకోసారి తీశారు, తర్వాత ప్రతి ఆదివారం. నా సంగతీ అంతే. బస్సు ఇంటి ముందే ఆగుతున్నా, యాప్‌లో కారు ఖాళీగా కనిపిస్తే చాలు, చెయ్యి దాని మీదకే పోయేది. ఎలక్ట్రిక్ కారే కదా, పొగ లేదు కదా అన్న ధీమా ఒకటి. పొగ లేకపోవచ్చు. టైర్లు అరిగి, బ్రేకులు అరిగి రేగే సన్నటి దుమ్ము ఉంటుంది, రోడ్డు మీద చోటూ అంతే పడుతుంది. షేర్ కారు గాలికి మేలు చేసేది నాలాంటివాడు సొంత కారు వదిలేస్తేనే. బస్సు దిగి అందులోకి ఎక్కితే కాదు. వదినగారి విషయంలో నేను చేసింది ఈ రెండోది.

జర్మనీలో బ్రెమెన్ నగరం ఈ తేడా ముందే పట్టుకుంది. 2003 నుంచి ట్రామ్, బస్ స్టాపుల దగ్గర్లో షేర్ కార్లకు స్టేషన్లు కడుతూ వచ్చింది. 2009లో ఓ ప్రణాళిక వేసుకుని, 2020 నాటికి 20,000 మంది కార్ షేరింగ్‌లో ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. రోడ్ల మీద ఆగి ఉండే సొంత కార్లను తగ్గించడమే వాళ్ల ఉద్దేశం. అందుకే సైకిలూ ట్రామూ పక్కనే ఉండేలా చూసుకున్నారు. లండన్‌లో అలా ఒక్క చేత్తో జరగదు. 32 బరోలు, పైన సిటీ ఆఫ్ లండన్, అన్నిటికీ వేరు వేరు కౌన్సిళ్లు. ఒకచోట షేర్ కార్లకు బే, అంటే రోడ్డు మీద ప్రత్యేక స్థలం, ఇస్తారు, రోడ్డు దాటితే ఇవ్వరు. కారును ఎక్కడైనా వదిలేయొచ్చనే పద్ధతి సరిహద్దు దాకానే ఉండేది. ఒక కౌన్సిల్ కొత్త ఫ్లాట్లు కట్టేవాళ్లచేత అందులో ఉండేవాళ్లకు కార్ క్లబ్ సభ్యత్వం (షేర్ కార్లను ఇక్కడ అలాగే అంటారు) కట్టిస్తుంది, పక్క కౌన్సిల్ 21 రోజుల్లో నాలాంటివాడి మెయిళ్లు చూసి జడుసుకుంటుంది.

2025 డిసెంబరులో జిప్‌కార్ బ్రిటన్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. లండన్‌లో కార్ క్లబ్ అంటే చాలామందికి తెలిసిన పేరు అదే. 2026 జనవరి 2 నుంచి సెంట్రల్ లండన్ కంజెషన్ చార్జీ 18 పౌండ్లయింది, ఎలక్ట్రిక్ కార్లకు అప్పటిదాకా ఉన్న పూర్తి మినహాయింపు కూడా పోయింది, అంటే ఎలక్ట్రిక్ షేర్ కార్లకూ ఆ ఖర్చు తప్పదు. వ్యాపారం అన్నాక వస్తారు, పోతారు. కానీ జనం వీటిని నమ్ముకుని సొంత కార్లు అమ్ముకోవాలంటే, కంపెనీ పోయినా బే పోదు, ఇంకో కంపెనీ వచ్చి నిలబడుతుందన్న భరోసా కౌన్సిల్ నుంచి రావాలి. రోడ్డు మీద తెల్ల రంగుతో నాలుగు అక్షరాలు రాసి వదిలేస్తే సరిపోదు. నేను ఇప్పుడు మా కౌన్సిలర్‌కు రాస్తున్న మెయిళ్లు వీటి గురించే. ఒకప్పుడు నేను రాసినవి కూడా ఆయన దగ్గరున్నాయనుకుంటా. జవాబులు కాస్త జాగ్రత్తగా రాస్తున్నాడు.

మేం మళ్లీ కారు కొనలేదు. అమ్మాయి ఇప్పుడు బస్సులో ఒక్కతే వెళ్లొస్తోంది. నెల్లూరు వాళ్లు కొనేశారు, పెట్రోలు హైబ్రిడ్, ఏడు సీట్లది, యూలెజ్ బెడద లేదు. ఆదివారాలు కారు అలవాటైపోయిందండీ, ఇక బస్సులెక్కలేం అన్నారు వదినగారు. వాళ్ల ఇంటి ముందు పర్మిట్ స్థలం దొరక్క, రాత్రిళ్లు అప్పుడప్పుడూ మా ఇంటి ముందు పెట్టుకుంటున్నారు.